పావు అంగుళం

గుత్తి లైబ్రరీ నుంచి ఎండాకాలం ముందర
రెండు గోతాల నవలలొస్తాయి మా అంగడికి.
వెన్ను విరిగినవి, అట్టలూడినవి,
మొదటి పేజీ లేనివి,
చివరి పేజీ లేనివి ఇంకా ఎక్కువ.

మైదా ఉడికించి, మైలుతుత్తం కలిపి,
పాత కుట్టు కోసి, ఫారాలు విడదీసి
లెక్క పెట్టడం నా పని.
లెక్క మాత్రమే.
చదువుకుంటా కూచుంటే కూలి గిట్టదనేవాడు మా నాయన.
"మనకు పుస్తకమంటే వెన్నూ అట్టా, మాబున్నీ,
లోపలిది వేరేవాళ్ళది."

ఈసారి లెక్క తప్పింది.
నలభై మూడో పేజీలో
"ఆమె కళ్ళు కలువ రేకులు" అని అచ్చు.
పక్కన అంచులో, పెన్సిలుతో, సన్నగా:
"ఈమె పొయ్యి ఊదదా?"
దాని కింద ఇంకో చెయ్యి, నీలం సిరా:
"గ్యాసుందేమోలే."
ఆ కింద, వంకర అక్షరాలు, కూడబలుక్కుంటా:
"బుడ్డల మిల్లుకొచ్చి చూడు, మావీ కలువలే, ఎర్రవి."

సూది కింద పెట్టేసినా.

వెనక్కి తిప్పి చూస్తే ముందుమాట.
మధ్యాహ్నం వంటయినాక తీరిగ్గా చదువుకునే
సోదరీమణులకు రాసినాడంట ఆ పెద్దమనిషి.
"ఆ తీరిక యాడ దొరుకుతాదో
అడ్రసు రాయండి సార్" అని ఉంది అంచులో.

అరవై ఆరులో ఆమె తల వంచుకుంటుంది.
అంచులో ఒకటి.
డెబ్భైలో మళ్ళీ. రెండు.
అంకెలు ముగ్గురివో నలుగురివో,
ఒకరు వదిలిన కాడ ఇంకొకరు అందుకున్నారు.
నూట తొంభైకి పంతొమ్మిది.
"మెడ పట్టేసుంటాది పాపం, నూనె రాయండమ్మా."
నవ్వొచ్చింది.
రెండొందల పన్నెండులో అతను చెంప మీద కొడతాడు,
దాంతో ఆమెకు ప్రేమ అర్థమవుతుంది.
అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు.
ఒక గీత ఉంది,
కాగితం చినిగేటంత.

తేదీల చీటీలో సభ్యుల నెంబర్లున్నాయి.
రిజిస్టరు తిరగేస్తే అన్నీ మొగోళ్ళ పేర్లేనంట.
మొగుళ్ళ కార్డులు, అన్నల కార్డులు.

చివరి పేజీ లేదు.
వెనకట్ట లోపలివైపు మాత్రం:
"అతన్నే చేసుకుంటుంది. నాకు మండి చించినా."
కింద:
"మంచిపని చేస్తివి."

కుట్టడమైతే కుట్టినా.
తర్వాత కత్తెర యంత్రం.
మూడు పక్కలా పావు అంగుళం తీసేయాల,
అంచు అద్దంలా ఉంటేనే బిల్లు పాసయ్యేది.
బిగించి, పిడి పట్టుకుని, స్కేలు పెట్టి చూసినా.
వాళ్ళందరూ ఆ పావు అంగుళంలోనే ఉన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది.
పదహారేండ్లుగా కోసిన పీలికలు
గంపకెత్తుకుని ఇంటికి పోయేదాన్ని.
పొయ్యి రాజేసేదానికి అంత బాగా అంటుకునేవి లేవు.
అప్పుడప్పుడూ ఒక పీలిక మీద
సగం 'క', ఒక తలకట్టు, ఏదో ప్రశ్నార్థకం.
పిల్లోళ్ళ గీతలనుకునేదాన్ని.
ఊదేదాన్ని.

పిడి పైకెత్తేసినా.

ఓబులేసు సారు పుస్తకం తీసుకుని
అంచు మీద వేలు రాసినాడు.
"ఏమ్మా, కత్తి మొండిదయిందా?"
"ఔ సార్, మొండిదే."
పుస్తకానికి నాలుగు రూపాయలు కోసినాడు.
గోతం మీద ఎంతవుతాదో నాకు నోటిలెక్కే,
ఆ పొద్దు మాత్రం వేసుకోలేదు.

ఇంకో గోతం ఉంది.
పాత అట్టలు పారెయ్యకుండా కొత్తవాటి లోపల అతికిస్తాండా.
ప్రతి పుస్తకంలో చివరి ఫారం తర్వాత
నాలుగు తెల్ల కాగితాలు ఎక్కువ కుడతాండా,
బిల్లులో రాయను.

నిన్న ఒకదాని మీద పెన్సిలు మొన ఆనించి
ఏం రాయాల్నో తెలియక
శానాసేపు కూచున్నా.
మైదా అడుగంటింది.